ఇంటికి రెండు కాయలు

మా పట్నం పార్కులో కాసిన ఒక సీతాఫలం రెండు కిలోలు తూగింది. నమ్మనివాళ్లకు చెప్పడానికి చూసినవాళ్లు పదిమంది ఉన్నారు, వాళ్లలో ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు. ఆ కాయను దించడానికి గోపమ్మ చేతులు చాలక, కింద గోనెసంచి పట్టుకొమ్మని ఇద్దరిని పిలిచింది. అది పండిన రోజు వాసన ఆలంపూర్ రోడ్డు దాకా పోయి, దిగే పని లేనివాళ్లు కూడా మా స్టాపులో బస్సు దిగారు. దవాఖానలో షుగరుకు మంచమెక్కిన ముసలాయన ఒకడు సెలైన్ సీసా చేత్తో పట్టుకొని నడిచి వచ్చాడు. అయితే ఇప్పుడు చెప్పబోయేది ఆ కాయ కథ కాదు. దాన్ని పెంచిన మనిషి కథ.

ఆ సోమవారం పొద్దున గోపమ్మ తూర్పు గోడ పక్కన పదో చెట్టు కింద నిలబడి కాయల కళ్లు చూస్తున్నది. చీర మీద మున్సిపాలిటీవాళ్లిచ్చిన పచ్చ కోటు. కోటు జేబుల్లో సాలెవాడలో మగ్గాల కింద రాలిన దారప్పోగులు, ఎర్రవి ఒక జేబులో, పసుపువి ఒక జేబులో. సీతాఫలానికి ఒళ్లంతా కళ్లే. ఆ కళ్ల నడుమ గీతలు ఆకుపచ్చగా, ఇరుకుగా ఉన్నన్ని రోజులు కాయ మీద చెయ్యి వేయకూడదు. గీతలు వెడల్పై మీగడ రంగుకు తిరిగితే కళ్లు విచ్చుకున్నట్టు. అప్పుడు తెంపి బియ్యంలోనో వరిగడ్డిలోనో పెడితే మూడో రోజుకు పండు. విచ్చుకోకముందే తెంపితే నెల రోజులు దాచినా పండదు. గట్టిపడి, నల్లబడి, రాయైపోతుంది.

గోపమ్మ కాయను నొక్కదు. బొటనవేలి మెత్తటి వైపుతో ఒకసారి తడిమి వదిలేస్తుంది. రెండు మూడు రోజుల్లో తెంపాల్సినదానికి తొడిమ దగ్గర ఎర్ర పోగు కడుతుంది, వారం ఆగాల్సినదానికి పసుపు పోగు. ఇంకా కళ్లు విచ్చని కాయకు ఏ పోగూ ఉండదు. నలభై ఒక్క చెట్టు. ఒక్కొక్క చెట్టు ముందు ఆమె ఆగే తీరు చూస్తే బడిలో పంతులు పేర్లు పిలుస్తున్నట్టుండేది.

ఆ చెట్లున్న చోట మున్సిపాలిటీవాళ్లు వేసిన గడ్డి ఉండేది. బోరు ఎండింది, గడ్డి పోయింది. నీళ్లు అడగని చెట్టు, మేక మూతి పెట్టని ఆకు అని తెలంగాణ వచ్చిన ఏడాది గోపమ్మ గుట్టల్లో దొరికిన పండ్ల గింజలు తెచ్చి నాటింది. కాపు మొదలైన ఈ ఆరేళ్లలో మోటారు కాలినా, ఉయ్యాల గొలుసు తెగినా, జారుడుబండ పగిలినా ఆ పార్కు ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. దసరాకు ముందొక నెల, తర్వాతొక నెల, సాయంత్రాలు గోపమ్మ గేటు ముందు గంప పెట్టుకొని కూర్చునేది. అంతే.

పార్కు గోడ మోకాలెత్తు. చుట్టూ వాడ, వాడ నిండా పిల్లలు. అయినా పచ్చికాయ ఒక్కటి పోయేది కాదు. దానికి గోపమ్మ పెట్టిన కట్టు ఒకటుంది. మొదటి తెంపు అమ్మకానికి కాదు, వాడలో ఇంటికి రెండు కాయలు. గంప నెత్తిన పెట్టుకొని తనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది. మా ఇంటికీ వస్తాయని తెలిసిన పిల్లవాడు చెట్టు మీద చెయ్యి వేయడు. వేస్తే పక్కింటివాడే చెవి పట్టుకొని గోపమ్మ దగ్గరికి తెస్తాడు.

"కాకా! వాన కబురేమన్న ఉందా పేపర్ల?" చెట్టు కిందనుంచే కేకేసింది గోపమ్మ.

గేటు పక్క సిమెంటు బెంచీ మీద ఎల్లస్వామి పేపరు చదువుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. నడిచేవాళ్లు నాలుగు చుట్లు తిరిగి వచ్చి ఆయన చుట్టూ కూర్చుంటారు. ఆయన పైకి చదువుతాడు, వాళ్లు వింటారు. పేపర్లో లేని వార్త ఒకటైనా కలపకుండా ఆయన పేపరు మడవడు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరూ వచ్చేదే ఆ ఒక్క వార్త కోసం.

"వచ్చే వారం శుక్రారం దాకా రాదు బిడ్డా! నీ కాయలకు ఢోకా లేదు!" అని, మళ్లీ పేపర్లోకి వంగి అందుకున్నాడు. "వనపర్తి దిక్కు ఒక బర్రె పొద్దుకు నలభై శేర్ల పాలిస్తాందట. పిండేటోడు అలిసిపోయి ఇద్దరు మనుషులను కూలికి పెట్టుకున్నడట."

"గా వార్త ఏ పేజీల ఉంది కాకా?" అన్నాడు పరమేష్. కిరాణం కొట్టు తెరవబోతూ ఒక చుట్టు నడిచి వెళ్లే మనిషి.

"నీకు కనపడని పేజీల ఉందిరా. నువ్వు పిండిల సున్నం కలపకుంటే కండ్లు మంచిగుండేటియి."

బెంచీ అంతా నవ్వింది. చెట్టు కింద గోపమ్మా నవ్వింది. నవ్వుతూనే గేటు వైపు చూసింది. శనివారం టేపు పట్టుకొని పార్కును అడ్డంగా నిలువుగా కొలిచిపోయిన మనిషి లోపలికి వస్తున్నాడు. పేరు ప్రమోద్ అన్నారు. హైదరాబాదులో ఏదో కంపెనీ అట. కొలత అయ్యాక ఆ శనివారం ఎల్లస్వామి పక్కన బెంచీ మీద చాలాసేపు కూర్చుని పోయాడు. కొత్త ఉయ్యాలలు పెడతారేమో అనుకున్నది గోపమ్మ.

ప్రమోద్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. చేతిలో గుండుసూది గుచ్చిన నాలుగైదు కాగితాలు.

"అమ్మా, కాలనీవాళ్ల సంతకాలు కావాలె. గోపమ్మ పోతే ఎవ్వరూ కాదనరని ఆఫీసుల చెప్పిండ్రు."

"ఏం కాయితం సారూ?"

"పార్కు తన ఖర్చు తాను ఎల్లదీసుకునే కాయితం. ఇగ మున్సిపాలిటీ పైసలియ్యదు. పార్కే సంపాదించుకోవాలె."

"సంపాదిస్తనే ఉంది గద సారూ." గోపమ్మ గడ్డంతో చెట్ల వరసను చూపించింది.

ఆయన మర్యాదగా నవ్వాడు. "నీ పండ్లు రెండు నెలలు. పార్కు పన్నెండు నెలలు బతకాలె గదమ్మా."

"ఆరేండ్ల సంది పన్నెండు నెలలూ బతుకుతనే ఉంది. మీరు నిలవడ్డ నీడ యాడికెల్లి వచ్చిందనుకున్నరు?"

ప్రమోద్ తలెత్తి చూసి, నీడలోంచి ఒక అడుగు పక్కకు జరిగాడు.

"నా చెట్ల సంగతేంది?" అన్నది గోపమ్మ.

"అన్నీ కాయితంల ఉన్నయమ్మా. ఎవరితోనన్న సదివించుకో." అని ఫోను మోగితే గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

చదివించుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలో గోపమ్మకు ఆలోచించే పని లేదు. సాలెవాడలో ఒక పద్ధతి ఉంది. పింఛను కాయితం రానీ, గుడి చందా రానీ, మొదటి సంతకం ఎల్లస్వామిది పడాలి. అది పడిందా, రెండోవాడు చదవడు. పడలేదా, రెండోవాడు పెన్ను ముట్టడు. ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో తెలియదు, అందరికీ తీరికగా ఉండే పద్ధతి.

నడిచేవాళ్లు లేచిపోయారు. బెంచీ మీద ఎల్లస్వామి ఒక్కడే ఉన్నాడు. గోపమ్మ చేతులు కోటుకు తుడుచుకొని కాగితాలు ఇచ్చింది, ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చున్నది.

ఎల్లస్వామి ముందు తనలో తాను చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒక చోట ఆగాయి. గేటు దగ్గర ఫోనులో మాట్లాడుతున్న ప్రమోద్ వైపు ఒకసారి చూశాడు. కళ్లద్దాలు తీసి, దోతి కొంగుతో ఒక అద్దం తుడిచాడు, మరో అద్దం తుడిచాడు, మళ్లీ మొదటిది తుడిచాడు. పెట్టుకొని గొంతు సవరించుకున్నాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టాడు. "పార్కునందు గోపమ్మ పెంచిన సీతాఫలము చెట్ల కాపు పార్కు ఖర్చుకే వినియోగించవలెను. సదరు చెట్లను ఎవ్వరూ నరకరాదు. పిందెలు తెంపరాదు. ఇంటికి రెండు కాయలు ఇచ్చు ఆచారము యథావిధిగా సాగవలెను. పార్కులోనికి వచ్చువారి నుండి ఎట్టి రుసుమూ తీసుకొనరాదు."

గోపమ్మ చేతులు ఒళ్లో పెట్టుకొని విన్నది. తన పేరు కాగితంలో వినడం ఆమెకు కొత్త.

"నిజంగ సదివినవా కాకా, బర్రె లెక్కనా?"

"నీ మీద ఒట్టు బిడ్డా. సర్కారు కాయితంల పరాచికాలాడుతనా?"

గోపమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. కాగితం తీసుకొని పై నుంచి కిందికి వేలుతో వెతికింది. "నలభై ఒకటి లేదేంది కాకా? నా చెట్లు నలభై ఒకటి గద?"

ఎల్లస్వామి కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "అక్షరాలల్ల రాసిండ్రు బిడ్డా. అంకెలైతే ఎవడన్న దిద్దుతడని."

ఆ తెలివికి గోపమ్మ ముచ్చటపడింది. "పెద్ద సదువులు సదివినోళ్లు గద," అన్నది. ఎల్లస్వామి పెన్ను తీసి మొదటి గీత మీద సంతకం పెట్టాడు. రోజూ పెట్టే సంతకానికి కింద రెండు గీతలు, పైన ఒక తోక ఉంటాయి. ఆ రోజు తోక పెట్టలేదు. గోపమ్మ అది గమనించి, తొందరలో ఉన్నాడేమో అనుకున్నది.

మంగళవారం ఆమె వాడ తిరిగింది.

మొదట ధర్మయ్య దగ్గరికి పోయింది. ధర్మయ్య వీధిలో పడుగు చాపి గంజి పెడుతున్నాడు. ఈ చివర గుంజ నుంచి ఆ చివర గుంజ దాకా ముదురు ఎరుపు దారాలు ఎండలో నిగనిగలాడుతున్నాయి. కుంచెతో దువ్వుతూ ఒక అడుగు వెనక్కి, దువ్వుతూ ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. గంజి ఆరకముందే దువ్వాలి, మధ్యలో ఆగితే పోగు పోగుకు అంటుకుంటుంది.

"ఏం కాయితం వదినా?" అన్నాడు, కుంచె ఆపకుండానే.

గోపమ్మ పక్కనే నడుస్తూ ఒప్పజెప్పింది. "గోపమ్మ పెంచిన చెట్ల కాపు పార్కు ఖర్చుకేనట. చెట్లు ఎవ్వరూ నరకొద్దట. ఇంటికి రెండు కాయలు ఎప్పటిలెక్కనేనట. లోపలికి వచ్చేటోళ్ల తాన పైసలు తీసుకోవద్దట. నలభై ఒకటని అక్షరాలల్ల రాసిండ్రు, అంకెలైతే దిద్దుతరని."

"ఎల్లస్వామి పెట్టిండా?"

"మొదటిదే ఆయనది."

"ఇగ నాదేముంది, పట్టు." గంజి చెయ్యి లుంగీకి తుడిచి, కాగితాన్ని గోపమ్మ వీపు మీద ఆనించి సంతకం పెట్టాడు. కాగితం మూలకు గంజి వేలిముద్ర అంటింది. "పోయినేడు రెండు కిలోల కాయ కాసిందట గద, నా వంతుకు గోలికాయలే వచ్చె?"

"నువ్వు గంజి పెట్టే చెయ్యి సిన్నది, అందుకే సిన్నగ కనవడ్డయి."

ఇక్కడ ఒక మాట ఒప్పుకుంటే నయం. ఆ కాయ రెండు కిలోలు తూగిన మాట నిజమే. తూకం వేసింది పరమేష్ కొట్లో. తక్కెడలో కాయతోపాటు గంప ఉంది, గంపలో తడిసిన వరిగడ్డి ఉంది, గడ్డిలో పరమేష్ పిల్లి పడుకొని ఉంది. పిల్లిని దించాక ఎంత తూగిందో అడగవద్దు. సెలైన్ సీసా ముసలాయన వచ్చిన మాట మాత్రం అబద్ధం కాదు. కాకపోతే పండు కోసం రాలేదు, బిల్లు కట్టకుండా పారిపోతుంటే దారి అటే.

నవనీత బడి పంతులమ్మ. చదవకుండా దేని మీదా సంతకం పెట్టని మనిషి. కాగితం చేతిలోకి తీసుకొని మొదటి వాక్యం మొదలుపెట్టింది. లోపల కుక్కరు కూత వేసింది, ఆటో హారన్ కొట్టింది, కూతురు బూటు ఒకటి దొరకడం లేదని అరిచింది.

"కాక సదివిండా అక్కా?"

"నా ముంగట్నే సదివిండు. నా పేరు గూడ ఉంది."

నవనీత ఆమె ముఖం చూసింది. పార్కులో చెట్టు నాటిన రోజు కూడా గోపమ్మ ముఖం ఇంత విప్పారి ఉండదు. "నువ్వే తెచ్చినవంటే ఇగ సదివేదేముంది," అని సంతకం పెట్టింది.

అట్లా సాయంత్రానికి అరవై మూడు ఇళ్లు. కొందరు మజ్జిగ ఇచ్చారు. కొందరు మొదటి తెంపు ఎప్పుడని అడిగారు. "వచ్చే మంగళారం," అన్నది అందరితో. ఒకే మాటను అరవై మూడు గడపల ముందు, ఒక్క అక్షరం తప్పకుండా, ఎల్లస్వామి చదివినట్టే చెప్పింది. మర్నాడు పొద్దున కాగితాలు ప్రమోద్ చేతికి ఇచ్చేటప్పుడు నలగకుండా రెండు చేతులతో ఇచ్చింది.

మరుసటి సోమవారం, అంటే మొదటి తెంపుకు ఒక్క రోజు ముందు, గోపమ్మ వీధి మలుపు తిరగకముందే రంపం చప్పుడు విన్నది. మిషన్ రంపం. ఆ చప్పుడు పార్కుది కాదనుకున్నది. పార్కులో కోసేదేముంది?

తూర్పు వరస పడి ఉంది. చెట్లు కాయలతో సహా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎర్ర పోగులు, పసుపు పోగులు, ఏ పోగూ లేనివి, అన్నీ మట్టిలో. లారీలోంచి ఇనుప గుంజలు, చుట్టిన ప్లాస్టిక్ గడ్డి, పచ్చ వల దింపుతున్నారు. గేటుకు పెద్ద బోర్డు కట్టారు. దాని పక్కన చిన్న రేకుల గూడు, గూటికి చెయ్యి పట్టేంత కిటికీ.

గోపమ్మ పదో చెట్టు ఉన్న చోటికి పోయింది. మొద్దు మీద చెయ్యి పెట్టింది. కోత ఇంకా తడిగా ఉంది. వంగి, రాలిన కాయల్లో ఎర్ర పోగులున్నవి ఏరడం మొదలుపెట్టింది. రంపం పట్టిన మనిషి "తొవ్వకు అడ్డం జరుగమ్మా" అంటే జరిగి, మళ్లీ ఏరింది. ఒడి నిండేదాకా ఏరి లేచేసరికి వాడ సగం గేటు దగ్గర ఉంది.

ప్రమోద్ నొచ్చుకున్నవాడిలాగే ఉన్నాడు. "అమ్మా, ఇన్ని కాయలుంటయని ఎవ్వరు చెప్పలే. కాలనీ అంతా ఒప్పుకున్నదని ఆర్డరొచ్చింది. నువ్వే గద సంతకాలు తెచ్చినవ్." అని ఒక చీటీ ఇచ్చాడు. ఆఫీసుది. రేపటి నుంచి ఆమె పని బస్టాండులో, ఊడ్చడం.

నవనీత బోర్డు కింద అంటించిన కాగితాన్ని పైకి చదువుతున్నది. అది సంతకాల కాగితం నకలే. మూలకు ధర్మయ్య గంజి వేలిముద్ర కూడా వచ్చింది. "పార్కు తూర్పు భాగమును క్రికెట్ ఆట స్థలముగా మార్చి పదిహేను సంవత్సరములకు నిర్వహణకు ఇచ్చుటకు, ప్రవేశ రుసుము వసూలు చేయుటకు, అడ్డువచ్చు చెట్లను తొలగించుటకు, ఈ దిగువ సంతకములు చేసిన కాలనీవాసులకు ఎట్టి అభ్యంతరమూ లేదు." చదివి, అదే గొంతుతో, అదే వేగంతో, "గోపమ్మక్కా, గిదేంది?" అన్నది.

గోపమ్మ ఒడి పట్టుకొని నిలబడింది. "అది కాదు గద. నాకు సదివింది అది కాదు."

"మాకు నువ్వు చెప్పింది గూడ అది కాదు!" ధర్మయ్య అరిచాడు. "నా ఇంటి ముందర నిలవడి చెట్లు నరకొద్దని రాసిండ్రంటివి. అక్షరాలల్ల రాసిండ్రని గూడ అంటివి!"

"ఎంత ముట్టింది గోపమ్మా?" ఎవరో వెనకనుంచి అన్నారు. "ఆఫీసోళ్ల మనిషి గద, ఏమన్న ముట్టకుండ ఉంటదా?"

"బస్టాండుల పనిచ్చిండ్రట గద. పర్మినెంటేమో!"

గోపమ్మ బెంచీ వైపు తిరిగింది. ఎల్లస్వామి అక్కడే ఉన్నాడు. పేపరు మడిచి ఉంది. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. కాలరు కింద నీలం రిబ్బను అంచు కనిపిస్తున్నది. టికెట్ లేకుండా లోపలికి పోయేందుకు మెడలో వేసుకునే పాసు రిబ్బను. అట్లాంటి పాసులు కంపెనీవాళ్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

"కాకనే సదివిండు," అన్నది గోపమ్మ. "కాకా, నువ్వే చెప్పు."

అందరూ ఎల్లస్వామి వైపు చూశారు. నడిచేవాళ్లు, నేసేవాళ్లు, పాల ప్యాకెట్లు చేత పట్టుకున్న ఆడవాళ్లు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఒక్క తిట్టు తిన్నా చాలు, గోపమ్మ పేరు నిలబడేది. చెట్లు ఎట్లాగూ పోయాయి, పేరు ఇంకా పోలేదు.

ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించినట్టే జోడించి విప్పాడు. "నేనేం సదువుత బిడ్డా? ఆ పొద్దు నా అద్దాలు నా తాన ఉన్నయా? కోతి ఎత్తుకపాయె గద! ఎత్తుకపోయి, నీళ్ల ట్యాంకు మీద కూసొని పెట్టుకున్నది. పెట్టుకొని ఏం జేసింది? కిందికి సూసింది. పరమేష్‌ది కిరాణం కొట్టు బోర్డు సదివి, ఇక్కడ తూకం సరిగ లేదని పక్క కొట్టుకు పోయింది."

ముందు పరమేష్‌కే నవ్వు వచ్చింది. ఆయన వెనక ఇద్దరు నవ్వారు. కోపంగా ఉన్నవాళ్లకు కూడా పెదవి ఆగలేదు. ఏళ్ల తరబడి ఆ బెంచీ దగ్గర నవ్విన అలవాటు. నవ్వు అయిపోయాక ఎవరి పనికి వాళ్లు కదిలారు. అడగాల్సిన ప్రశ్న ఏదో ఉందని ధర్మయ్యకు అనిపించినట్టుంది, ఒక క్షణం ఆగి, పడుగు గుర్తొచ్చి అతనూ పోయాడు.

"తుడిచినవ్ గద కాకా," అన్నది గోపమ్మ మెల్లగా. "దోతి కొంగుతోని. మూడుసార్లు తుడిచినవ్."

రంపం మళ్లీ మొదలైంది. ఆ మాట విన్నది ఒక్కడే.

మంగళవారం మొదటి తెంపు. చెప్పిన రోజు చెప్పినట్టే.

పొద్దున్నే గోపమ్మ పడమటి వరసలో మిగిలిన ఇరవై రెండు చెట్ల కాయలు తెంపింది. గూట్లో కూర్చునే మనిషి ఇంకా రాలేదు కాబట్టి టికెట్ అడిగేవాళ్లు లేరు. తొడిమ కాయకు కొద్దిగా ఉండేట్టు, ఎర్ర పోగు ఊడిపోకుండా, ఎడమ చేత్తో కింద పట్టి కుడి చేత్తో మెలిపెట్టింది. నిన్న ఏరినవి కలిపింది. మట్టి అంటినవాటిని కొంగుతో తుడిచింది. గంప అడుగున గడ్డి, గడ్డి మీద కాయలు, కళ్లు పైకి చూసేట్టు. చివరికి మళ్లీ లేచిపోయి, మూల చెట్టు కొమ్మ వంచి రెండు కాయలు తెంపింది. చెట్టు మొత్తానికి పెద్దవి అవే. వాటిని వేరే గుడ్డలో మూట కట్టి గంపలో ఒక పక్కకు పెట్టింది. అరవై మూడు ఇళ్లకు రెండు గంపలయ్యాయి. ఒకటి గేటు పక్కన దించి, ఒకటి నెత్తిన పెట్టుకున్నది.

ధర్మయ్య ఆమెను చూసి ముఖం తిప్పుకొని మగ్గం గుంటలోకి దిగాడు. ఆయన భార్య గడపలోకి వచ్చి చేతులు చాపడమా వద్దా అని నిలబడింది. గోపమ్మ రెండు కాయలు గడప మీద పెట్టింది. "ఎల్లుండికి పండుతయి."

ఒక ఇంట్లో తలుపు తీయలేదు. కిటికీలో పెట్టి, "ఎల్లుండికి," అన్నది తలుపుతో. ఇంకో ఇంట్లో ముసలావిడ "ఏ మొకం పెట్టుకొని వచ్చినవే?" అన్నది. "గిదే మొకం అవ్వా, ఇంకోటి లేదు. గియ్యి రేపటికే పండుతయి, మెత్తగుంటయి, నీ బోసి నోటికి మంచిగుంటయి," అన్నది గోపమ్మ.

నవనీత కాయలు తీసుకున్నది గానీ చేతిలోనే పట్టుకొని నిలబడింది. "నువ్వు చేసుంటవంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు చెయ్యకుంటే ఎవరు చేసిండ్రో చెప్పక్కా."

గోపమ్మ గంప సర్దుకున్నది. తొడిమలకు ఉన్న ఎర్ర పోగులు గాలికి కదులుతున్నాయి. "నువ్వు సదవకపోతివి గద పంతులమ్మా," అన్నది. అందులో దెప్పు లేదు. "ఎల్లుండికి పండుతయి."

ఎల్లస్వామి ఇల్లు వీధి చివర. అక్కడికి వచ్చేసరికి రెండో గంప కూడా ఖాళీ కావచ్చింది. ఆయన కోడలు స్వర్ణలత వాకిట్లో గిన్నెలు తోముతున్నది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు పేపరు చదవడానికి పార్కుకు పోలేదు. గంప చూసి లేవబోయాడు.

"నాకెందుకు బిడ్డా..."

"ఇంటికి రెండు గద కాకా. ఒక్క ఇల్లు ఇడిస్తే కట్టు తప్పినట్టు కాదా?"

గుడ్డ మూట విప్పింది. రెండు కాయలు, ఒక్కొక్కటి రెండు చేతులు పట్టేంత. స్వర్ణలత గిన్నె వదిలేసి వచ్చి, "అబ్బ! మాకే ఇంత పెద్దయి ఇస్తున్నవా అత్తా!" అన్నది.

"ఏరి తెచ్చిన బిడ్డా. బియ్యంల పెట్టు."

ఎల్లస్వామి కాయను అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. వాడలో అందరితోనూ ఆమె ఏ రోజుకు పండుతాయో చెప్తూ రావడం ఆయన అరుగు మీదినుంచి విన్నాడు. తనకు చెప్పలేదు.

"ఎన్నొద్దులకు పండుతయి బిడ్డా?"

గోపమ్మ చుట్టకుదురు తల మీద సరిగ్గా పెట్టుకొని ఖాళీ గంప ఎత్తుకున్నది.

"నువ్వే సూసుకుంట ఉండు కాకా," అన్నది. బస్టాండు వైపు నడిచింది. అప్పటికే చీపురు పట్టే టైం దాటింది.

స్వర్ణలత కాయలను బియ్యం డబ్బాలో పెట్టింది. మూడో రోజు చూసింది, గట్టిగా ఉన్నాయి. ఐదో రోజు చూసింది. వాడంతా పండ్లు తిని గింజలు ఊసేసింది. "గంత పెద్ద కాయలు, గిట్లైనయేంది మామా?" అన్నది. ఎల్లస్వామి డబ్బా మూత తీసి, కళ్లద్దాలు పెట్టుకొని చూశాడు. తొడిమలకు ఎర్ర పోగు లేదు. పసుపు పోగు కూడా లేదు. కళ్ల నడుమ గీతలు విచ్చుకోనే లేదు, ఉన్నచోటే మూసుకొని, నల్లబడుతున్నాయి. పదో రోజుకు డబ్బాలో రెండు రాళ్లు.

గోపమ్మ ఆయన పేరు వాడలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. బస్టాండులో ప్లాట్‌ఫారాల వెనక ఖాళీ జాగాలో గింజలేవో పెట్టిందని పరమేష్ చెప్పాడు. మొలిచాయో లేదో చూసి వచ్చే ధైర్యం అందరికీ ఉండదు.

ఇంతదాకా చెప్పినదాంట్లో కల్పించినవి ఏవో చెప్పేస్తే పని అయిపోతుంది. రెండు కిలోల కాయ సంగతి ముందే ఒప్పుకున్నాను. కోతి లేదు, అది ఆ పూట కల్పించిందే. పార్కు గేటులో నల్లరాతి పలక ఒకటి పాతారు, దాని మీద 'మార్గదర్శకులు' అని రాసి కింద ఒక పేరు చెక్కారు. పోయి చూస్తే అక్కడ ఎల్లస్వామి అని ఉండదు. సాలెవాడలో ఎల్లస్వామి అనే మనిషి లేడు. ఆ పేరు నేను కల్పించింది.

కాయలు కల్పించలేదు. మా బియ్యం డబ్బాలో ఉన్నాయి. పారేయమని కోడలు రోజూ అంటుంది. పొద్దున చెయ్యి పెట్టి చూశాను, గట్టిగానే ఉన్నాయి.